యూనిట్ 14: ప్రమాదకర రసాయనాల లీకేజీ - అత్యవసర ప్రతిస్పందన చరిత్ర

విషయక్రమం

14.0 ఉద్దేశాలు
14.1 పరిచయం
14.2 మూడు స్వభావాలు, నీటి సమస్య
14.3 ప్రమాదాల నుంచి సంకేతాల వరకు
14.4 భోపాల్, 1984
14.5 ఢిల్లీ ఓలియం లీకేజీ, 1985
14.6 చట్టాలు, ప్రణాళికలు
14.7 విశాఖపట్నం అనుభవం
14.8 మూల్యాంకనం
14.9 సారాంశం
14.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు
14.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

14.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• మండే, తినివేసే, నీటితో చర్య జరిపే రసాయనాలు లీకైనప్పుడు ఒకే పద్ధతి ఎందుకు పనికిరాదో వివరించగలుగుతారు.
• రసాయనాలను గుర్తించే సంకేత పద్ధతులు ఏ అనుభవాల నుంచి పుట్టాయో తెలుసుకుంటారు.
• భోపాల్ దుర్ఘటన తరువాత మన దేశంలో వచ్చిన చట్టాలను కాలక్రమంలో పేర్కొనగలుగుతారు.
• 1984 నాటి భోపాల్‌ను, 2020 నాటి విశాఖపట్నాన్ని పోల్చి, ఏది మారిందో ఏది మారలేదో అంచనా వేయగలుగుతారు.

14.1 పరిచయం

నిప్పు కనిపిస్తే నీళ్ళు పోయడం మనిషికి తరతరాలుగా అలవాటైన పని. వేసవిలో పూరిళ్ళు అంటుకుంటే ఊరంతా బిందెలు, బకెట్లు పట్టుకుని బావి దగ్గరి నుంచి వరుస కట్టడం మన పెద్దలు చూసిన దృశ్యమే. ఈ ప్రతిస్పందనకు ఎవరి శిక్షణా అక్కరలేదు. తగలబడుతున్నది తాటాకు అనీ, నీళ్ళు పోస్తే ఆరుతుందనీ అందరికీ తెలుసు.

ఇరవయ్యో శతాబ్దపు రసాయన పరిశ్రమ ఈ పరిస్థితిని మార్చివేసింది. ఫ్యాక్టరీ ట్యాంకులో, ఓడ అడుగున, రోడ్డు మీద పోతున్న లారీలో ఏముందో బయటివారికి తెలియదు. కొన్ని పదార్థాలకు నీరే శత్రువు. కొన్నింటికి నీటి తెర రక్ష. కొన్ని వాయువుల నుంచి పరుగెత్తి తప్పించుకోవాలి. మరికొన్ని సందర్భాల్లో తలుపులు మూసుకుని లోపలే ఉండడం మేలు. ఏది చేయాలన్నది ఆ పదార్థం పేరు తెలిస్తేనే తేలుతుంది.

కాబట్టి రసాయన ప్రమాదాల్లో అత్యవసర ప్రతిస్పందన చరిత్రను కేవలం ఫైరింజన్లు, మాస్కుల చరిత్రగా చూడకూడదు. ట్యాంకులో ఏముంది, అది లీకైతే ఏం చేయాలి అన్న సమాచారం ఎవరి దగ్గర ఉంది, అది ఎప్పుడు, ఎవరికి చేరింది అన్నదే ఈ చరిత్రలో అసలు ప్రశ్న. ఈ యూనిట్ అంతటా మనం ఆ ప్రశ్ననే వెంబడిస్తాం.

14.2 మూడు స్వభావాలు, నీటి సమస్య

చరిత్రలోకి వెళ్ళే ముందు కొంత ప్రాథమిక విజ్ఞానం అవసరం. సైన్సు చదవని విద్యార్థులు కూడా దీన్ని తేలికగా అర్థం చేసుకోవచ్చు.

(అ) మండే రసాయనాలు: పెట్రోలు, స్టైరీన్ వంటివి ఈ కోవకు చెందుతాయి. నిజానికి మండేది ద్రవం కాదు, దానిపై లేచే ఆవిరి. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కావడం వల్ల నేలబారుగా పాకుతూ పల్లపు చోట్లకు, మురుగు కాలువల్లోకి చేరుతుంది. దూరంగా ఉన్న పొయ్యి, కరెంటు స్విచ్చి, వాహనం ఇంజను నుంచి వచ్చే ఒక్క నిప్పురవ్వ చాలు, మంట ఆవిరి వెంబడి వెనక్కి పరుగెత్తుతుంది. పెట్రోలు నీటికన్నా తేలిక. దానిపై నీళ్ళు కుమ్మరిస్తే అది నీటిపై తేలి ఇంకా దూరం వ్యాపిస్తుంది. అందుకే అగ్నిమాపక దళాలు నురగను వాడతాయి. నురగ దుప్పటిలా కప్పి ఆవిరిని అణచివేస్తుంది.

(ఆ) తినివేసే రసాయనాలు: సల్ఫ్యూరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా వంటివి. ఆమ్లాన్ని నీటిలో కలపాలే గాని నీటిని ఆమ్లంలో పోయకూడదని ప్రయోగశాలలో మొదటిరోజే చెబుతారు. గాఢ ఆమ్లంలో కొద్దిపాటి నీరు పడితే పుట్టే వేడికి ఆమ్లం పైకి చిమ్ముతుంది. అదే ఆమ్లం ఒంటి మీద పడితే మాత్రం ఆలస్యం చేయకుండా ధారాళంగా నీటితో కడగాలి. కొద్ది నీరు చేసే హాని వేరు, ఎక్కువ నీరు చేసే మేలు వేరు.

(ఇ) నీటితో చర్య జరిపే రసాయనాలు: సోడియం లోహం నీటిని తాకితే హైడ్రోజన్ వెలువడి అంటుకుంటుంది. మామిడికాయలు మగ్గబెట్టడానికి కొందరు చాటుగా వాడే కాల్షియం కార్బైడ్ తడిస్తే ఎసిటిలీన్ అనే మండే వాయువు పుడుతుంది. వీటి విషయంలో పొడి ఇసుక, పొడి రసాయన చూర్ణాలే శరణ్యం.

ఒకే పదార్థానికి ఒకటికి మించిన స్వభావాలు ఉండవచ్చు. మిథైల్ ఐసోసయనేట్ మండుతుంది, నీటితో చర్య జరుపుతుంది, పైగా విషం. దాన్ని నిల్వచేసిన ట్యాంకులోకి నీరు చేరితే విపరీతమైన వేడి పుడుతుంది. కాని గాలిలో కలిసిన కొద్దిపాటి మిథైల్ ఐసోసయనేట్‌ను తడిగుడ్డ కొంతవరకు అడ్డుకుంటుంది. ఒకే నీరు ట్యాంకు లోపల ప్రమాదకారి, మనిషి ముఖం మీద రక్షణ. ఈ సంగతిని గుర్తుంచుకోండి. భోపాల్ చరిత్రలో దీని అవసరం వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - I
గమనిక: మీ సమాధానాన్ని విడిగా రాసుకుని, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
1. పెట్రోలు ఒలికి అంటుకున్నప్పుడు నీటికి బదులు నురగను ఎందుకు వాడతారు?

14.3 ప్రమాదాల నుంచి సంకేతాల వరకు

1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో గ్రాండ్‌క్యాంప్ అనే ఓడలో పొగ కనిపించింది. ఓడలో సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఉంది. రైతులకు ఎరువుగా తెలిసిన పదార్థమే అది. సరుకు తడిసి పాడవుతుందన్న ఆలోచనతో మొదట నీళ్ళు పోయకుండా, మూతలు వేసి లోపలికి నీటి ఆవిరిని పంపారు. తనలోనే ఆక్సిజన్ ఉన్న పదార్థం గాలి అందకపోయినా మండగలదు. పైగా ఆవిరి వేడిని పెంచింది. వింత రంగు పొగను చూడడానికి జనం రేవుకు చేరారు. ఉదయం 9 గంటలు దాటిన కొద్దిసేపటికి ఓడ పేలింది. అధికారిక మృతుల సంఖ్య 581. ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంలోని 28 మందిలో 27 మంది అక్కడే మరణించారు.

అమ్మోనియం నైట్రేట్ మనం చెప్పుకున్న మూడు తరగతుల్లోనూ లేదు. అయినా ఈ సంఘటనను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. ప్రాణాలకు తెగించి వెళ్ళినవారికి ధైర్యం లోపించలేదు. ఆ సరుకు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పినవారు లేరు.

తరువాతి దశాబ్దాల్లో ఈ లోటును పూరించడానికి సంకేత పద్ధతులు రూపొందాయి. వాటిలో ముఖ్యమైనవి:

• ఐక్యరాజ్యసమితి సంఖ్యలు: ప్రమాదకర సరుకుల రవాణాపై ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ తన తొలి సిఫార్సులను 1956లో ప్రచురించింది. క్రమంగా ఒక్కో పదార్థానికి నాలుగు అంకెల సంఖ్య స్థిరపడింది. పెట్రోలుకు 1203, ఓలియంకు 1831, మిథైల్ ఐసోసయనేట్‌కు 2480, స్టైరీన్‌కు 2055. భాష ఏదైనా సంఖ్య ఒక్కటే.
• నాలుగు రంగుల వజ్రాకృతి: 1960ల నుంచి అమెరికాలో వాడుకలోకి వచ్చింది. నీలం ఆరోగ్య ప్రమాదాన్ని, ఎరుపు మండే గుణాన్ని, పసుపు అస్థిరతను తెలుపుతాయి. తెల్లని గడిలో అడ్డగీత కొట్టిన ‘డబ్ల్యు’ అక్షరం ఉంటే నీరు వాడకూడదని అర్థం.
• ఫోను ద్వారా సలహా: 1971లో అమెరికా రసాయన పరిశ్రమ ‘కెమ్‌ట్రెక్’ అనే ఇరవైనాలుగు గంటల కేంద్రాన్ని నెలకొల్పింది. ప్రమాదస్థలం నుంచి ఫోను చేస్తే పదార్థం వివరాలు చెబుతుంది.
• హాజ్‌కెమ్ కోడ్: 1970లలో లండన్ అగ్నిమాపక దళం రూపొందించింది. పదార్థం పేరు చెప్పడంతో ఆగకుండా ఏం చేయాలో చెప్పడం దీని ప్రత్యేకత. మొదటి అంకె 3 అయితే నురగ వాడాలి. 4 అయితే పొడి పదార్థాలే వాడాలి, నీరు తగలనీయకూడదు. చివర ‘ఈ’ అక్షరం ఉంటే చుట్టుపక్కల జనాన్ని తరలించే సంగతి ఆలోచించాలి.

ఈ సంకేతాలన్నీ అగ్నిమాపక సిబ్బంది కోసం ఉద్దేశించినవి. ఫ్యాక్టరీ గోడ పక్కన నివసించే ప్రజలకు సమాచారం ఇవ్వాలన్న ఆలోచన యూరప్‌లో రెండు ప్రమాదాల తరువాత బలపడింది. 1974 జూన్ 1న ఇంగ్లాండులోని ఫ్లిక్స్‌బరోలో సైక్లోహెక్సేన్ లీకై, ఆవిరి మేఘం పేలి 28 మంది మరణించారు. 1976 జూలై 10న ఇటలీలోని సెవెసో సమీపాన ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ వెలువడింది. ఆ విషం పేరు స్థానిక అధికారులకు వెంటనే తెలియలేదు. జనాన్ని ఖాళీ చేయించడం మొదలుపెట్టేసరికి సుమారు రెండు వారాలు గడిచాయి. ఈ అనుభవంతో యూరోపియన్ సముదాయం 1982లో ‘సెవెసో ఆదేశం’ జారీ చేసింది. భారీ ప్రమాదానికి అవకాశమున్న పరిశ్రమలు అత్యవసర ప్రణాళికలు తయారుచేయాలనీ, చుట్టుపక్కల ప్రజలకు ప్రమాదం గురించి, పాటించవలసిన జాగ్రత్తల గురించి తెలపాలనీ అది నిర్దేశించింది.

మరి రెండేళ్ళకు భోపాల్ జరిగింది. అప్పటికి మన దేశంలో అటువంటి నిబంధన లేదు.

14.4 భోపాల్, 1984

14.4.1 ఆ రాత్రి

భోపాల్ నగరపు ఉత్తర భాగంలో ఉన్న యూనియన్ కార్బైడ్ ఇండియా లిమిటెడ్ కర్మాగారం కార్బరిల్ అనే పురుగుమందును తయారుచేసేది. అందుకు వాడే మిథైల్ ఐసోసయనేట్‌ను 1980 నుంచి అక్కడే ఉత్పత్తి చేశారు. ఆ ద్రవం 39 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కాబట్టి దాన్ని చల్లగా ఉంచాలి.

1984 డిసెంబర్ 2వ తేదీ రాత్రి 610 సంఖ్య గల ట్యాంకులోకి నీరు చేరింది. ఎలా చేరిందన్న విషయంపై వాదోపవాదాలు జరిగాయి గాని, చేరిందన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. లోపల వేడి, ఒత్తిడి పెరిగాయి. అర్ధరాత్రి దాటాక సుమారు 40 టన్నుల వాయువు బయటికి వచ్చింది.

ఇటువంటి స్థితిని ఎదుర్కోవడానికి ఫ్యాక్టరీలో ఏర్పాట్లు లేకపోలేదు. అవి ఆ రాత్రి ఎలా ఉన్నాయో చూడండి:

• ట్యాంకును చల్లబరచే శీతలీకరణ వ్యవస్థను నెలల ముందే ఆపివేశారు.
• వాయువును శుద్ధిచేసే స్క్రబ్బర్ సిద్ధంగా లేదు.
• వాయువును మండించి నిర్వీర్యం చేసే ఫ్లేర్ టవర్ పైపు మరమ్మతు వల్ల పనిచేయడం లేదు.
• సిబ్బంది చిమ్మిన నీటిధారలు వాయువు వెలువడుతున్న ఎత్తుకు అందలేదు.
• బయటి ప్రజలను హెచ్చరించే సైరన్ కొద్దిసేపు మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగేసరికి వాయువు బస్తీలను కమ్మేసింది.

చివరి అంశం మనకు అన్నింటికన్నా ముఖ్యం. ఫ్యాక్టరీకి ఎదురుగా ఉన్న జె.పి. నగర్ వంటి బస్తీల ప్రజలకు అక్కడ తయారయ్యేది పంటల ‘మందు’ అని మాత్రమే తెలుసు. కళ్ళు మండి, ఊపిరాడక నిద్రలేచినవారు చేతికందిన పిల్లలను ఎత్తుకుని గాలి వీస్తున్న వైపే పరుగెత్తారు. వాయువూ అటే ప్రయాణించింది. పరుగెత్తేకొద్దీ శ్వాస వేగం పెరిగి మరింత విషం లోపలికి చేరింది. ముఖానికి తడిగుడ్డ కట్టుకోండి, గాలికి అడ్డంగా నడవండి అన్న రెండు మాటలు ముందుగా చెప్పి ఉంటే ఎన్నో ప్రాణాలు దక్కేవి. ఆ మాటలకు ఖర్చు లేదు, యంత్రం అక్కరలేదు.

హెచ్చరికలు లేకపోలేదు. 1981 డిసెంబర్‌లో ఫ్యాక్టరీలో ఫాస్‌జీన్ లీకై ఒక కార్మికుడు మరణించాడు. పాత్రికేయుడు రాజ్‌కుమార్ కేశ్వాని 1982 నుంచి నగరానికి పొంచివున్న ముప్పు గురించి రాస్తూనే ఉన్నారు. కాని ఆ రాతలు ప్రణాళికగా మారలేదు.

ఆ రాత్రి ప్రతిస్పందించినది పద్ధతి కాదు, వ్యక్తులు. భోపాల్ రైల్వే స్టేషన్‌లో ఉప సూపరింటెండెంట్‌గా విధుల్లో ఉన్న గులాం దస్తగీర్, ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న గోరఖ్‌పూర్ రైలును సమయానికి ముందే బయలుదేరదీశారు. పొరుగు స్టేషన్లకు కబురు పంపారు. రైలులోని వారు బతికి బయటపడ్డారు. ఆయన మాత్రం జీవితాంతం వాయువు మిగిల్చిన అనారోగ్యంతో బాధపడ్డారు.

14.4.2 ఆసుపత్రిలో సమాచార లోపం

తెల్లవారేసరికి హమీదియా ఆసుపత్రి వేలమందితో నిండిపోయింది. ఏ వాయువుకు చికిత్స చేస్తున్నామో వైద్యులకు తెలియదు. కళ్ళు మండించే వాయువేగాని ప్రాణాంతకం కాదన్న ధోరణిలో కంపెనీ వర్గాల నుంచి సమాధానాలు వచ్చాయి. వాయువులో ఏమేమి ఉన్నాయి, సోడియం థయోసల్ఫేట్ ఇవ్వవచ్చా లేదా అన్న వివాదం చాలాకాలం సాగింది. ఆసుపత్రి సిబ్బంది కళ్ళలో నీళ్ళు, మందు చుక్కలు పోస్తూ లక్షణాలకు మాత్రమే చికిత్స చేయగలిగారు.

తక్షణ మరణాల తొలి అధికారిక సంఖ్య 2,259. తరువాత మధ్యప్రదేశ్ ప్రభుత్వం 3,787 మరణాలను ధ్రువీకరించింది. 2006లో ప్రభుత్వం సమర్పించిన ప్రమాణపత్రం ప్రకారం గాయపడినవారు 5,58,125 మంది. బాధితుల సంఘాలు మరణాలు ఇంతకన్నా చాలా ఎక్కువని వాదిస్తున్నాయి.

14.4.3 ఆపరేషన్ ఫెయిత్

భోపాల్ చరిత్రలో తక్కువగా ప్రస్తావించే ఘట్టం ఒకటుంది. లీకేజీ తరువాత కూడా ఫ్యాక్టరీలో మిథైల్ ఐసోసయనేట్ నిల్వ మిగిలే ఉంది. దాన్ని ఏం చేయాలి? శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి అధిపతి డాక్టర్ ఎస్. వరదరాజన్ నాయకత్వంలోని నిపుణులు ఆలోచించి, దాన్ని తరలించడం కన్నా అక్కడే కార్బరిల్‌గా మార్చివేయడం సురక్షితమని నిర్ణయించారు. అందుకోసం డిసెంబర్ 16న ఫ్యాక్టరీని మళ్ళీ నడిపారు. దీనికే ‘ఆపరేషన్ ఫెయిత్’ అని పేరు.

ఈసారి ముందుగానే ప్రకటించారు. ఫ్యాక్టరీ చుట్టూ తడిగుడ్డలు కట్టారు. హెలికాప్టర్లతో నీళ్ళు చల్లించారు. నీరు ట్యాంకు బయట, గాలిలో రక్షణగా నిలిచింది. నిల్వ ప్రమాదం లేకుండా ఖర్చయింది. అయినా లక్షలాది ప్రజలు ఆ రోజుల్లో నగరం విడిచి వెళ్ళిపోయారు. ‘ఫెయిత్’ అంటే నమ్మకం. ఆ నమ్మకమే వారికి మిగలలేదు. రెండు వారాల కిందట ఏమీ చెప్పని యంత్రాంగం ఇప్పుడు భయం లేదని చెబితే ఎవరు నమ్ముతారు? సమాచారం ఇవ్వడంతోనే పని పూర్తికాదు. ఇచ్చేవారిపై విశ్వాసం ఉండాలి. అది ప్రమాదానికి చాలా ముందే ఏర్పడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - II
2. భోపాల్‌లో నీరు ప్రమాదానికి కారణంగానూ, రక్షణ సాధనంగానూ ఎలా కనిపిస్తుంది?

14.5 ఢిల్లీ ఓలియం లీకేజీ, 1985

భోపాల్ జరిగి ఏడాది నిండగానే, 1985 డిసెంబర్ 4న ఢిల్లీలోని శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్స్ కర్మాగారంలో ట్యాంకు నుంచి ఓలియం లీకైంది. ఓలియం అంటే పొగలు కక్కే సల్ఫ్యూరిక్ ఆమ్లం. అందులోని సల్ఫర్ ట్రైఆక్సైడ్ గాలిలోని తేమతోనే చర్య జరిపి ఆమ్లపు మంచుగా మారుతుంది. తినివేసే గుణం, నీటితో చర్య జరిపే గుణం రెండూ దీనిలో కలిసి ఉన్నాయి. తీస్‌హజారీ కోర్టులో పనిచేసే ఒక న్యాయవాది మరణించినట్లు న్యాయస్థానం దృష్టికి వచ్చింది. రెండు రోజులకు మరోసారి స్వల్పంగా లీకైంది.

ఈ కర్మాగారంపై ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యం అప్పటికే సుప్రీంకోర్టులో ఉంది. ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని ధర్మాసనం 1986 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పులో ‘సంపూర్ణ బాధ్యత’ సూత్రాన్ని ప్రతిపాదించింది. ప్రమాదకరమైన వ్యాపారం చేసే సంస్థ, తాను తగిన జాగ్రత్త తీసుకున్నానని చెప్పి తప్పించుకోలేదు. హాని జరిగితే పరిహారం చెల్లించవలసిందే. పాత ఆంగ్ల న్యాయసూత్రంలోని మినహాయింపులు ఇక్కడ వర్తించవు.

ఈ తీర్పుకూ అత్యవసర ప్రతిస్పందనకూ సంబంధం ఏమిటన్న ప్రశ్న మీకు కలగవచ్చు. ట్యాంకులో ఏముందో, దాన్ని ఎలా అదుపు చేయాలో అందరికన్నా బాగా తెలిసినది సంస్థకే. తెలిసినవారిదే బాధ్యత అని న్యాయస్థానం చెప్పడంతో, తెలిసినదాన్ని ముందుగా వెల్లడించమని అడిగే చట్టాలకు పునాది బలపడింది.

14.6 చట్టాలు, ప్రణాళికలు

1984కు ముందు మన దేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 1934 నాటి పెట్రోలియం చట్టం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఉన్నాయి. ఇవి నిల్వ, లైసెన్సు, కార్మిక భద్రతల గురించి చెబుతాయి. గోడ అవతలి ప్రజలు వీటిలో దాదాపు కనిపించరు. భోపాల్ తరువాతి క్రమం ఇలా ఉంది:

• 1986: పర్యావరణ (పరిరక్షణ) చట్టం.
• 1987: ఫ్యాక్టరీల చట్టానికి సవరణ. ప్రమాదాల వివరాలను కార్మికులకు, స్థానిక అధికారులకు, చుట్టుపక్కల ప్రజలకు వెల్లడించడం తప్పనిసరి అయింది. ముంచుకొస్తున్న ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు కార్మికులకు లభించింది.
• 1989: ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు. ఫ్యాక్టరీ లోపలి అత్యవసర ప్రణాళికను యాజమాన్యం, వెలుపలి ప్రణాళికను జిల్లా యంత్రాంగం తయారుచేయాలి. లోపలి ప్రణాళికపై ఆరు నెలలకొకసారి, వెలుపలి ప్రణాళికపై ఏడాదికొకసారి నమూనా విన్యాసం జరపాలి. అదే ఏడాది వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమాలు రసాయన ట్యాంకర్లపై అత్యవసర సమాచార పలకను తప్పనిసరి చేశాయి.
• 1991: ప్రజా బాధ్యత బీమా చట్టం. బాధితులకు తక్షణ సహాయం దీని లక్ష్యం.
• 1996: రసాయన ప్రమాదాల నియమాలు. కేంద్ర, రాష్ట్ర, జిల్లా, స్థానిక స్థాయుల్లో సంక్షోభ బృందాలు ఏర్పాటయ్యాయి. జిల్లా బృందానికి కలెక్టరు అధ్యక్షులు.
• 2005: విపత్తు నిర్వహణ చట్టం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2007లో రసాయన విపత్తులపై మార్గదర్శకాలు వెలువరించింది.

ఈ జాబితాను కంఠస్థం చేయడం కన్నా దాని దిశను గమనించడం ముఖ్యం. యాజమాన్యం ఫైళ్ళలో ఉన్న సమాచారం మొదట తనిఖీ అధికారికి, తరువాత కలెక్టరేటుకు, చివరకు ప్రజలకు చేరాలన్నది వీటి ఆశయం. అది ఎంతవరకు నెరవేరిందో మన తెలుగు నేల మీదనే పరీక్షించి చూద్దాం.

14.7 విశాఖపట్నం అనుభవం

విశాఖపట్నంలో ఓడరేవు, చమురుశుద్ధి కర్మాగారం, ఎరువుల, పాలిమర్ల ఫ్యాక్టరీలు నివాస ప్రాంతాల మధ్యనే ఉన్నాయి. 1997 సెప్టెంబర్ 14న హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో, ఓడ నుంచి దించుకుంటున్న వంటగ్యాసు లీకై, ఆవిరి మేఘం అంటుకుంది. సుమారు 60 మంది మరణించారు. భయంతో వేలాది కుటుంబాలు నగరం విడిచి కొండల వైపు, పక్క ఊళ్ళకు తరలిపోయాయి.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురం పరిసరాలను కమ్మివేసింది. కరోనా లాక్‌డౌన్ వల్ల ఫ్యాక్టరీ కొన్ని వారాలుగా మూతపడి ఉంది. స్టైరీన్ వేడెక్కితే దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి మరింత వేడిని పుట్టిస్తాయి. దీన్ని ఆపడానికి చల్లదనం, నిరోధక రసాయనం రెండూ కావాలి. శీతలీకరణను రాత్రిళ్ళు నిలిపివేస్తున్నారనీ, నిరోధక రసాయనం తగినంత లేదనీ, ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగుభాగంలోనే కొలుస్తున్నందున పైభాగపు వేడి తెలియలేదనీ రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. పన్నెండు మంది మరణించారు. వందలాది మంది కింగ్ జార్జ్ ఆసుపత్రిలోను, ఇతర ఆసుపత్రుల్లోను చేరారు. నిద్రలో లేచి పరుగెత్తినవారిలో కొందరు రోడ్ల మీదనే కుప్పకూలారు.

ప్రతిస్పందనలో భోపాల్‌కు, దీనికి తేడా స్పష్టం. తెల్లవారేసరికే వాయువు పేరు స్టైరీన్ అని వైద్యులకు తెలిసింది. పోలీసులు, 108 అంబులెన్సులు, విపత్తు ప్రతిస్పందన దళం రంగంలోకి దిగి గ్రామాలను ఖాళీ చేయించాయి. తడిమాస్కులు వాడాలని ప్రజలకు సూచించారు. ట్యాంకును చల్లబరచడానికి నీళ్ళు చల్లారు. నిరోధక రసాయనాన్ని గుజరాత్ వైపు నుంచి విమానంలో తెప్పించారు. మరుసటిరోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని సంస్థను ఆదేశించింది.

కాని మొదటి గంట సంగతి వేరు. సైరన్‌ను మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటు ఉన్నా, ఒక్కచోట నుంచైనా మోగించలేదని కమిటీ నమోదు చేసింది. వెంకటాపురం ప్రజలను నిద్రలేపింది సైరన్ కాదు, ఘాటు వాసన.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - III
3. 2020 విశాఖపట్నం ప్రతిస్పందనలో మెరుగైన అంశాలు రెండు, లోపించిన అంశం ఒకటి పేర్కొనండి.

14.8 మూల్యాంకనం

1984, 2020 సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు పోలికలు కనిపిస్తాయి. రెండు చోట్లా వేడిని అదుపులో ఉంచవలసిన శీతలీకరణ పూర్తిగా పనిచేయడం లేదు. రెండు చోట్లా ప్రమాదం రాత్రివేళ, నిద్రపోతున్న బస్తీ మీద పడింది. రెండు చోట్లా హెచ్చరించవలసిన సైరన్ తన పని చేయలేదు.

అలాగని ఈ మధ్యకాలంలో ఏమీ జరగలేదని భావించడం సరికాదు. రెండో గంట నుంచి జరిగిన పనులన్నీ 1984లో ఊహించలేనివి. అవి 1989, 1996, 2005 సంవత్సరాల నిబంధనలు నిర్మించిన యంత్రాంగం ఫలితం. సమాచారం కలెక్టరేటు వరకు చేరింది. వీధిలోకి ఇంకా రాలేదు. రసాయన ప్రమాదంలో ప్రాణాలు పోయేది ఎక్కువగా మొదటి గంటలోనే. ఆ గంటలో ప్రతిస్పందించేది ఏ దళమూ కాదు, అక్కడ నివసించేవారే. వారికి ముందుగా తెలిసిన సంగతులే ఆ గంటలో పనికివస్తాయి.

దీనికి ఎదురువాదన కూడా ఉంది. ప్రజలకు అన్నీ చెబితే అనవసర భయం కలుగుతుందనీ, వదంతులు పుడతాయనీ కొందరు అంటారు. ఆపరేషన్ ఫెయిత్ నాటి వలసలను ఉదాహరణగా చూపుతారు. అయితే ఆ భయం సమాచారం ఇచ్చినందువల్ల పుట్టిందా, అంతకుముందు ఇవ్వనందువల్ల పుట్టిందా? ఈ యూనిట్‌లోని ఆధారాలతో మీరే నిర్ణయించుకోండి.

కృత్యం: మీ ప్రాంతపు రహదారిపై ఆగి ఉన్న రసాయన ట్యాంకరు వెనుక పలకను సురక్షిత దూరం నుంచి గమనించి, దానిపైని నాలుగు అంకెల సంఖ్యను, హాజ్‌కెమ్ కోడ్‌ను రాసుకోండి. అది ఏ పదార్థమో, నీరు వాడవచ్చో లేదో తెలుసుకోండి. మీ ఊరికి దగ్గరలో రసాయన పరిశ్రమ ఉంటే, సైరన్ మోగితే ఏం చేయాలో తెలుసా అని ఐదు కుటుంబాలను అడిగి, వారి సమాధానాలను ఒక పేజీలో రాయండి.

14.9 సారాంశం

మండే, తినివేసే, నీటితో చర్య జరిపే రసాయనాలకు ప్రతిస్పందన వేర్వేరుగా ఉండాలి కాబట్టి పదార్థం గుర్తింపే మొదటి మెట్టు. టెక్సాస్ సిటీ వంటి ప్రమాదాలు ఈ అవసరాన్ని చాటాయి, తరువాతి దశాబ్దాల్లో సంకేత పద్ధతులు రూపొందాయి. సెవెసో అనుభవం ప్రజలకు సమాచారం ఇవ్వాలన్న సూత్రాన్ని ముందుకు తెచ్చింది. భోపాల్‌లో ఆ సమాచారం అటు ప్రజలకూ, ఇటు వైద్యులకూ అందలేదు. ఓలియం కేసు సంస్థల బాధ్యతను నిర్వచించగా, 1986 నుంచి వచ్చిన చట్టాలు ప్రణాళికలను, సంక్షోభ బృందాలను ఏర్పరచాయి. 2020 నాటి విశాఖపట్నం ఈ యంత్రాంగం బలాన్ని చూపింది, మొదటి గంటలో దాని లోటునూ చూపింది.

14.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. పెట్రోలు నీటిపై తేలి మరింత వ్యాపిస్తుంది. నురగ కప్పివేసి ఆవిరిని అణచివేస్తుంది.
2. ట్యాంకులోకి చేరిన నీరు తీవ్రమైన వేడిని పుట్టించి లీకేజీకి దారితీసింది. తడిగుడ్డ రూపంలో ముఖానికి రక్షణ కాగలిగేది. ఆపరేషన్ ఫెయిత్‌లో తడిగుడ్డలుగా, చల్లిన నీరుగా ఉపయోగపడింది.
3. మెరుగైనవి: వాయువును త్వరగా గుర్తించడం, గ్రామాలను వెంటనే ఖాళీ చేయించడం. లోపించినది: సైరన్ హెచ్చరిక.

14.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రసాయన ప్రమాదాల్లో అత్యవసర ప్రతిస్పందన చరిత్ర ప్రధానంగా సమాచార చరిత్ర అన్న వాదనను సోదాహరణంగా చర్చించండి.
2. భోపాల్, విశాఖపట్నం సంఘటనల్లో ప్రతిస్పందన తీరును పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆపరేషన్ ఫెయిత్ ప్రాధాన్యాన్ని వివరించండి.
2. సంపూర్ణ బాధ్యత సూత్రం ఏ నేపథ్యంలో రూపొందింది?
3. 1989 నియమాల్లోని లోపలి, వెలుపలి అత్యవసర ప్రణాళికల మధ్య భేదం ఏమిటి?